తుప్పు పట్టిన పాత కారు డోర్లు: బాగు చేయించాలా, మార్చాలా?

డోర్ అడుగు అంచు దగ్గర పెయింట్ కింద చిన్న పొక్కులు కనిపించాయంటే తుప్పు ఇప్పుడే మొదలైందని అనుకోకండి. అది లోపలి నుంచి రేకును తింటూ వచ్చి ఇప్పటికి బయటపడింది. డోర్ లోపలికి నీళ్లు పోవడం మామూలే. అద్దం పక్కన ఉండే రబ్బరు పట్టీ ఎంత కొత్తదైనా కొంత వాన నీరు లోపలికి జారుతుంది. ఆ నీళ్లు పోవడానికి అడుగున రంధ్రాలు ఉంటాయి. అవి దుమ్ముతోనో, పాత సీలెంట్‌తోనో పూడుకుపోతే నీళ్లు అక్కడే నిలుస్తాయి. దానికి తోడు, బయటి రేకును లోపలి ఫ్రేమ్ అంచు చుట్టూ మడిచి నొక్కిన చోట రెండు రేకుల మధ్య తడి ఇరుక్కుంటుంది. ఆ మడతలోకి బ్రష్ పోదు, స్ప్రే కూడా సరిగ్గా పోదు. పాత కార్ల డోర్లు దాదాపు అన్నీ ఒకే చోట కుళ్లడానికి కారణం ఇదే.

కాబట్టి బయటి రేకును చూసి నిర్ణయం తీసుకోవద్దు. ముందు డోర్ లోపలి వైపు కప్పి ఉండే ట్రిమ్ అట్ట విప్పండి, దాని వెనక ఉన్న ప్లాస్టిక్ షీట్ తీయండి, టార్చ్ వేసి చూడండి. ఫ్రేమ్ అడుగు భాగాన్ని స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. బయటి వైపు పలచని గుడ్డ చుట్టిన అయస్కాంతం తిప్పితే, అది పట్టు వదిలేసిన చోట పుట్టీ దండిగా ఉందని అర్థం. తర్వాత డోర్‌ను సగం తెరిచి చివర పట్టుకుని పైకి ఎత్తండి. హింజ్ (డోర్ తిరిగే కీలు) పిన్ అరిగి ఊగుతుంటే అది చిన్న పని. హింజ్ బిగించిన రేకే కదులుతుంటే మాత్రం అసలు సమస్య అక్కడుంది. నా లెక్కలో నిర్ణయం తేలేది రెండు చోట్ల: హింజ్ దగ్గర, లాక్ దగ్గర. అవి గట్టిగా ఉంటే కింద చెయ్యి దూరేంత చిల్లున్నా ఆ డోర్ బతికున్నట్టే.

నా పాత సెడాన్‌కి రెండు దారులూ ఒకేసారి ప్రయత్నించాను. డ్రైవర్ వైపు డోర్‌కి అడుగున కొత్త రేకు అతికించాను. అవతలి వైపుకి కారు కంపెనీ కాకుండా బయటివాళ్లు తయారుచేసిన కొత్త డోర్ తెప్పించాను. పెట్టె విప్పిన రోజు కొత్త డోర్‌ను చూసి, డ్రైవర్ డోర్‌తో ఎందుకు తంటాలు పడ్డానా అనుకున్నాను. ఆ అభిప్రాయం వారం కూడా నిలవలేదు. అది తర్వాత చెబుతాను.

అతుకు సంగతి ముందు. కొయ్యాల్సింది తుప్పు కనిపించినంత మేర కాదు, మెరిసే గట్టి రేకు దొరికేదాకా. పాత కార్ల డోర్ రేకు మందం మామూలుగా 0.8 నుంచి 1 మిల్లీమీటర్. ఇంత పలచని రేకు మీద వరసగా వెల్డింగ్ గీత లాగితే పని చెడినట్టే. వేడెక్కిన చోటు చల్లారేటప్పుడు కుంచించుకుపోయి చుట్టుపక్కల రేకునంతా లాగుతుంది. మిగ్ వెల్డింగ్ (మెషిన్ నుంచి వచ్చే వైరు కరిగి అతికే పద్ధతి) అయితే 0.6 మిల్లీమీటర్ వైరుతో ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క జానెడు అవతల పెట్టి, చెయ్యి ఆనించగలిగేంత చల్లారాకే తర్వాతి చుక్క పెట్టాలి. టిగ్ (కరగని టంగ్‌స్టన్ మొనతో వేడిచేసి అతికే వెల్డింగ్) నేర్చిన వాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది. ఆ అతుకు కాస్త మెత్తగా ఉంటుంది కాబట్టి వెనక దిమ్మె పెట్టి సుత్తితో కొడుతూ, కుంచించుకున్న రేకును తిరిగి సాగదీయొచ్చు.

అతుకు గీత ఎక్కడ పడాలన్నది కూడా ముఖ్యమే. డోర్ మధ్య భాగం దాదాపు చదునుగా ఉండి తేలిగ్గా వంకర్లు పోతుంది. అడుగు మడతకి దగ్గరగానో, రేకులో ఒత్తిన గీత పక్కనో రేకు బిగువుగా ఉంటుంది కాబట్టి అక్కడ అతికితే మేలు. ఒక రేకు మీద ఇంకో రేకు ఎక్కించి అతికితే పని సులువే. కానీ ఆ మధ్యలో మళ్లీ తడి చేరుతుంది, ఎండ పడ్డప్పుడు రెండు పొరలున్న చోటు పెయింట్ మీద గీతలా తేలుతుంది. అంచుకి అంచు ఆనించి అతకడం కష్టమైనా అదే సరైన పద్ధతి. నేను మూడు వంతులు ఓపిగ్గా చేసి, చీకటి పడుతోందని చివరి జానెడు ఒక్క ఊపులో లాగించేశాను. ఆ జానెడు మేర వచ్చిన అలల్ని సరిచేయడానికి మొత్తం అతుక్కి పట్టిన సమయం కన్నా ఎక్కువే పట్టింది.

అడుగే కాదు, మధ్యలో కూడా సొట్టలు, పాత రిపేర్లు ఉంటే బయటి రేకు మొత్తం మార్చడం మంచిది. లోపలి ఫ్రేమ్ మాత్రం మీదే. మడత అంచును గ్రైండర్‌తో అరగదీసి, స్పాట్ వెల్డింగులు డ్రిల్ చేస్తే పాత రేకు ఊడి వస్తుంది. ఫ్రేమ్‌కి బయటి వైపు కూడా చెయ్యి అందేది అప్పుడే. కుళ్లిన అడుగు పట్టీని మార్చి, ప్రైమర్ వేసి, అప్పుడు కొత్త రేకు కప్పొచ్చు. తుప్పును వేళ్లతో సహా పెరికే అవకాశం ఇదొక్కటే కాబట్టి, ఫ్రేమ్ బాగున్న కారుకి నా ఓటు దీనికే.

అయితే ఇందులో ఒక ఉచ్చుంది. బయటి రేకు తీశాక ఫ్రేమ్ బిగువు పోయి ఇట్టే మెలితిరుగుతుంది. ఆ మెలికతోనే కొత్త రేకు అంచు మడిచేస్తే డోర్ ఎప్పటికీ వంకరే. అంచును నాలుగైదు చోట్ల మాత్రమే మడిచి, డోర్‌ను కారుకి తగిలించి చూడాలి. ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) వైపు, వెనక, కింద సందులు సమానంగా ఉన్నాయా, కింది మూల బయటికి పొడుచుకొస్తోందా చూసుకుని, ఇంకా మెత్తగా ఉండగానే తిప్పి సరిచేసి, అప్పుడు మడత పూర్తిచేయాలి. వెల్డింగ్ బదులు ప్యానెల్ జిగురు వాడితే వేడి బెడద లేదు, మడతలోకి తడి పోయే దారీ మూసుకుంటుంది. ఫ్రేమ్‌కి ముక్కలు అతికేటప్పుడు మాత్రం వెల్డింగే.

సెకండ్ హ్యాండ్ డోర్ కంపెనీ రేకే, కంపెనీ కొలతే కాబట్టి ఆశపెడుతుంది. కానీ అదీ మీ కారంత పాతదే. పైన తాజాగా పెయింట్ కొట్టి అమ్ముతుంటే అయస్కాంతం లేకుండా కొనొద్దు. మోడల్ పేరు ఒకటైనంత మాత్రాన డోర్ ఒకటే అని కూడా కాదు. 1959లో వచ్చిన మినీకి డోర్ అద్దాలు పక్కకి జరిగేవి, హింజ్‌లు బయటికే కనిపించేవి. 1969లో వచ్చిన మార్పుతో అద్దాలు పైకీ కిందికీ తిరిగేవయ్యాయి, హింజ్‌లు లోపలికి పోయాయి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కి 1965 మోడల్‌తో అద్దాలు పెద్దవయ్యాయి. మొదట్లో లాగి తెరిచే హ్యాండిల్ ఉన్న ఎంజీబీకి (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) తర్వాత నొక్కే బటన్ వచ్చింది. ఏడాది తెలియకుండా డోర్ తెస్తే ఇంటికొచ్చాక తల పట్టుకోవాల్సిందే.

ఇక నా కొత్త డోర్ కథ. తగిలించగానే కింద వెనక మూల వేలు మందం బయటికి వచ్చింది. బాడీ పొడుగునా సాగే గీత ఫెండర్ మీద ఒక ఎత్తులో, డోర్ మీద ఇంకో ఎత్తులో ఉంది. లాక్ బిగించే రంధ్రాల్ని ఫైలుతో అరగదీయాల్సి వచ్చింది. అద్దం, దాన్ని తిప్పే యంత్రం, హ్యాండిల్ పాత డోర్ నుంచి మార్చడం అదనపు పని. అన్ని కొత్త డోర్లూ ఇంతే అనను. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ లాంటి సంస్థ ఎంజీబీ వంటి కార్లకి అసలు అచ్చుల మీదే ప్యానెళ్లు తయారుచేస్తోంది. అలాంటిది దొరికే కారైతే లెక్క మారుతుంది. కొత్త డోర్ మీద ఉండే నల్ల పూత కొన్నిటికి మంచి ప్రైమరే, కొన్నిటికి దారిలో తుప్పు పట్టకుండా వేసింది మాత్రమే. సందేహం ఉంటే తీసేసి ఎపాక్సీ ప్రైమర్ వేయడమే నయం.

హింజ్ చోటూ లాక్ చోటూ రెండూ చెడిపోయినా, ప్రమాదంలో డోర్ మెలితిరిగినా మార్చేయండి. అలాంటి ఫ్రేమ్ మీద పెట్టే శ్రమ వృథా. పాత సిరీస్ ల్యాండ్ రోవర్ డోర్లది వేరే కథ. ఇనప ఫ్రేమ్ మీద అల్యూమినియం రేకు ఉంటుంది. తడి తగిలితే రెండు లోహాలు కలిసిన చోట అల్యూమినియమే తెల్లటి పొడిలా రాలిపోతుంది. అక్కడ ఇనప ముక్క వెల్డింగ్ చేయడం కుదరదు.

ఏ దారి పట్టినా డోర్ ఫిట్టింగ్ కన్నా ముందు సిల్ (డోర్ కింద బాడీ పొడుగునా ఉండే గుమ్మం లాంటి భాగం) పని పూర్తి కావాలి. సిల్ కుళ్లి బాడీ కాస్త కుంగి ఉంటే, ఆ వంకరకే డోర్‌ను సరిపెట్టి, తర్వాత సిల్ బాగుచేశాక మళ్లీ మొదటికొస్తారు. పెయింట్ అయ్యాక అడుగు రంధ్రాలు పుల్లతో పొడిచి చూసుకుని, లోపలంతా వ్యాక్స్ స్ప్రే చేసి, అప్పుడే ట్రిమ్ బిగించండి.

పాత డోర్‌ను మాత్రం కారు రోడ్డెక్కేదాకా తుక్కుకి వేయకండి. కొత్త డోర్‌లో లాక్ ఎంతకీ కూర్చోకపోతే, చివరికి నా పాత డోర్ నుంచి లాక్ బిగించే భాగాన్ని కోసి దీనికి అతికించాను. రెండు వైపులా వెల్డింగ్ తప్పలేదు.