పాత మారుతీ జెన్ కారు: ఎస్టీమ్ ఇంజనా, ఉన్న ఇంజన్‌కే బోరా?

ఎండలు మొదలైతే చాలు, అందరిదీ ఇదే ప్రశ్న. "అన్నా, ఏసీ వేస్తే జెన్ లాగడం లేదు. ఎస్టీమ్ ఇంజన్ ఎక్కిస్తే ఎట్లుంటుంది?" మొన్న కావలి నుంచి ఒకరు అడిగారు, అంతకుముందు కందుకూరు నుంచి ఇద్దరు. నాదీ ఏపీ 26 నంబరు జెనే, 2002 మోడల్. ఎస్టీమ్ ఇంజన్ ఎక్కించాలా, ఉన్న ఇంజన్‌కే బోరు కొట్టించాలా (అంటే అరిగిన సిలిండర్లను చెక్కించి కాస్త పెద్ద పిస్టన్లు వేయించడం) అని ఈ ఏడాది నేను కూడా రెండు నెలలు కుస్తీ పట్టాను.

మారుతీవాళ్లదే పెద్ద కారు ఎస్టీమ్. దాని ఇంజన్ మీద మనసు పోవడంలో తప్పేం లేదు. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న) జెన్ 993 సీసీ, 60 హార్స్‌పవర్. 16 వాల్వుల ఎస్టీమ్ 1298 సీసీ, 85. ముప్పావు టన్ను బండికి అదనంగా 25 హార్స్‌పవర్ అంటే మాటలా! పైగా జెన్ ఇంజన్ స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 61 మిల్లీమీటర్లయితే ఎస్టీమ్‌ది 75.5. అందుకే కింది ఆర్‌పీఎంలోనే లాగుడు తెలుస్తుంది. రెండూ సుజుకీ జీ సిరీస్ ఇంజన్లే. చైన్ పుల్లీ, గట్టి స్టాండ్లు, చేయి తిరిగిన ఇద్దరు మనుషులు ఉంటే ఇంటి దగ్గరే దించి ఎక్కించుకోవచ్చు. జాకీని నమ్మి మాత్రం బండి కిందికి దూరొద్దు.

కానీ అడిగేవాళ్లందరూ ఒకచోట పొరపాటు పడుతున్నారు. లక్షన్నర కిలోమీటర్లు తిరిగి అరిగిపోయిన జెన్ ఇంజన్‌ను, కొత్తగా ఉన్నప్పటి ఎస్టీమ్ ఇంజన్‌తో పోలుస్తున్నారు. ఎస్టీమ్ తయారీ 2007లోనే ఆగిపోయింది. చెన్నై పుదుపేట పాత సామాన్ల మార్కెట్లో కొన్నా, ఊళ్లో తుక్కుకు పోయిన బండి నుంచి తీసినా, మీకు దొరికేది కనీసం పదిహేనేళ్లు దాటిన ఇంజనే. దాన్ని విప్పి రింగులు, బేరింగులు, టైమింగ్ బెల్టు, సీళ్లు మార్చకుండా ఎక్కిస్తే, అంత కష్టపడి ఒక ముసలి ఇంజన్ తీసి ఇంకో ముసలి ఇంజన్ పెట్టినట్టే. ఏ దారి పట్టినా ఓవర్‌హాలింగ్ ఖర్చు తప్పదు. ఆ ఖర్చు ఏ ఇంజన్ మీద పెడతారన్నదే అసలు ప్రశ్న. నా దృష్టిలో తేలాల్సింది ఇక్కడే.

కాబట్టి ముందు మీ ఇంజన్ కంప్రెషన్, అంటే సిలిండర్లో పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూడండి. ఇంజన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీయాలి. ఫ్యూయల్ పంపు ఫ్యూజు, కాయిల్ కనెక్టరు పీకేయాలి. ఒక్కో ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజి పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. బ్యాటరీ నిండా ఛార్జింగ్ ఉండాలి, లేకపోతే అంకెలు తప్పొస్తాయి. నా బండిలో మూడు సిలిండర్లకు 160 పీఎస్ఐకి అటూ ఇటుగా వచ్చింది. మూడో సిలిండర్‌కు 115 మాత్రమే. దాంట్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 150కి లేచింది. అట్లా లేస్తే పిస్టన్ రింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) పోయినట్టు. లేవకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో. విప్పి చూస్తే రింగు విరిగి ఉంది, బోరు మీద నిలువు గీత. గోరు పెట్టి రాస్తే తగులుతోంది. అంటే నా బండి పుట్టుకతో బలహీనమైనది కాదు. ఉండాల్సిన 60 హార్స్‌పవర్ ఇవ్వలేక చస్తోంది, అంతే.

ఎస్టీమ్ ఇంజన్ ఒంటరిగా కూడా రాదు. దాని కంప్యూటర్, వైరింగ్, క్లచ్, గేర్‌బాక్స్, యాక్సిళ్లు వెంట రావాలి. నలభై దాటిన ఎండలో జెన్ రేడియేటర్ దానికి చాలదు. ముందు చక్రాల బ్రేకుల సంగతి కూడా చూసుకోవాలి. వైరింగ్ దగ్గరే చాలా బండ్లు నెలల తరబడి షెడ్డులో ఆగిపోతాయి. సగం పనిలో ఆగిపోయిన బండిని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక కాగితాలు. ఆర్‌సీలో ఇంజన్ నంబరు ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, అనుమతి తీసుకుని అదే మేక్, అదే టైపు ఇంజన్ మార్చుకోవడానికి దారి ఉంది. పెద్ద ఇంజన్ పెడితే కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషనే మారిపోతుంది. అలాంటి మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రెన్యువల్ తప్పదు కదా, అప్పుడు బానెట్ ఎత్తి నంబరు చూస్తారు. హైవే మీద ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ చూసేదీ ఆ నంబరే. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని తిరిగే బండి విషయంలో ఈ టెన్షన్ నాకొద్దు.

ఆల్టో కే10 ఇంజన్, టర్బో అని కూడా అడుగుతున్నారు. రెండిటికీ ఇవే చిక్కులు, టర్బోకు ఇంకాస్త ఎక్కువ. 85 హార్స్‌పవరే కావాలంటే మంచి పాత స్విఫ్ట్ పెట్రోల్ చూసుకోవడం మేలు. సొంత స్థలంలో, రోడ్డెక్కకుండా, నేర్చుకోవడానికి చేసేవాళ్లకైతే ఎస్టీమ్ ఇంజన్ చక్కటి పని, కాదనను.

నేను నా ఇంజన్‌కే బోరు కొట్టించాను. 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్లు వేశాం. ముందు పిస్టన్లు కొని లేత్ షాపులో ఇవ్వండి, వాటిని కొలిచి బోరు కొడతారు. హెడ్ ఫేసింగ్, వాల్వ్ గ్రైండింగ్ కూడా అప్పుడే చేయించండి. రేడియేటర్ ఊడదీసి కడిగించండి. మొదటి వెయ్యి కిలోమీటర్లు తొందరపడకుండా నడపాలి. నాది ఎనిమిది వందలు అయింది. నాలుగు సిలిండర్లూ ఇప్పుడు 190 చూపిస్తున్నాయి. పోయిన ఆదివారం ఏసీ వేసుకుని, నలుగురం ఎక్కి పెంచలకోన వెళ్లొచ్చాం. పోయినేడు అదే దారిలో ఓవర్‌టేక్ చేయాలంటే ఏసీ ఆపుకోవాల్సి వచ్చేది. ఈసారి స్విచ్ మీద చెయ్యి పడలేదు.