ఆసు–రాజుని ఎర్ర రంగులో చూపించిన యాప్

గాజువాకలో మా మేడ మీద ప్రతి ఆదివారం సాయంత్రం ఆరుగురం పోకర్ ఆడతాం. డబ్బు ఉండదు, ఉత్త ప్లాస్టిక్ చిప్సే. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడడం మన రాష్ట్రంలో 2020 నుంచే నిషేధం, ఆ జోలికి పోకండి. ఏడాదిగా ప్రతి ఆటలో మొదట నా చేతికి పడిన రెండు ముక్కలూ, కూర్చున్న సీటూ, చివరికి వచ్చిన చిప్సూ ఫోన్‌లో ఒక యాప్‌లో కొడుతున్నాను. మీరు ఏ యాప్ వాడినా చూడాల్సింది ఒకటే కాబట్టి పేరు రాయడం లేదు.

కొట్టడానికి పది సెకన్లు చాలు. బటన్లు పెద్దవి, ట్యూబులైటు వెలుగులో కూడా తప్పు పోవు. "ఏటి బావా, మళ్ళీ పద్దు రాస్తన్నావా" అని మా బావమరిది అంటూనే ఉంటాడు గానీ నా వల్ల ఆట ఎప్పుడూ ఆగలేదు.

నాకు కోపం తెప్పించింది దాని రంగులు. లాభమైతే పచ్చ, నష్టమైతే ఎరుపు. వేర్వేరు గుర్తుల ఆసు–రాజు నాకు ఎర్రగా కనబడింది, 640 చిప్స్ నష్టం. రెండు వారాలు ఆ హ్యాండ్ (చేతికొచ్చిన రెండు ముక్కల జోడీ) వస్తే భయపడి ఆడకుండా పడేశాను. తర్వాత ఒక్కో ఆటా తెరిచి చూస్తే, వచ్చింది మొత్తం 38 సార్లు. అందులో ఒక్క ఆటలోనే, ఎదుటివాడి జత పదుల మీద, 900 పోయాయి. అది తీసేస్తే 260 లాభం! జత పదుల మీద ఆసు–రాజు నూటికి 43 సార్లు గెలుస్తుంది, ఆ రోజు గెలవలేదు, అంతే. ఎన్నిసార్లు వచ్చిందో ఆ రంగు పక్కనే వేసి ఉంటే నాకు ఈ తిప్పలు ఉండేవి కావు.

52 ముక్కల్లో రెండేసి తీస్తే 1,326 రకాలు. రెండూ ఒకే గుర్తా కాదా అన్నంతవరకే చూస్తే 169 హ్యాండ్స్. రెండు ఆసులు సగటున 221 పంపకాలకి ఒకసారి పడతాయి. నా 4,000 పంపకాల్లో 17 సార్లు పడ్డాయి. పదిహేడు ఆటలు చూసి ఏం తేల్చగలం?

అదే యాప్‌లో సీటు వారీగా గుంపులు కట్టే పేజీ ఉంది. దాని కోసమే నేను దీన్ని వదలడం లేదు. ఆసు పక్కన పదికి లోపు ముక్క, వేర్వేరు గుర్తులు: ఈ గుంపు మొత్తాన్ని కలిపి చూస్తే, ముందు మాట్లాడే రెండు సీట్లలో 61 సార్లు ఆడి 1,850 పోగొట్టుకున్నాను. పంచేవాడి సీట్లో అవే ముక్కలు కాస్త లాభంలోనే ఉన్నాయి. ఆ సీట్లో ఫ్లాప్ (అందరికీ కలిపి బల్ల మీద మొదట తెరిచే మూడు ముక్కలు) తర్వాత అందరూ ఏం చేశారో చూశాకే మన వంతు వస్తుంది కదా, కారణం కళ్ళ ముందే ఉంది. ఇది చూసినప్పటి నుంచి ముందు సీట్లో ఆసు–ఏడు పడితే మారుమాట లేకుండా కింద పెట్టేస్తున్నాను.

అయిదుకి మూడున్నర ఇస్తాను. ఫోన్ మార్చినప్పుడు మూడు వారాల లెక్క ఎగిరిపోయింది, మెయిల్ పెడితే జవాబు లేదు. అప్పటి నుంచి ఆదివారం రాత్రి పడుకోబోయే ముందు ఎక్సెల్‌లోకి దించుకుంటున్నాను, మీరూ దించుకోండి.