మామగారి కుర్చీకి నవారు వేసి నాలుగేళ్ళు

ముందే చెప్పేస్తున్నా, ఇది నవారు గురించి. స్పాంజి ఎంత మందం ఉండాలి, గుడ్డ ఎంత పడుతుంది, ఏ స్టేప్లర్ గన్ కొనాలి అన్నవి అందరూ చెప్పేవే. గుడ్డ మార్చడం ఒక పూట పని. కూర్చున్న మనిషిని మోసేది ఆ గుడ్డా కాదు, స్పాంజీ కాదు, వాటి కింద ఉన్నది. ఈ సంగతి నాకు తెలియడానికి మా బావగారు కూలబడాల్సి వచ్చింది.

కుర్చీ మా మామగారిది. చేతులున్న టేకు కుర్చీ. ఆయన పోయాక కొన్నాళ్ళు అటక మీద ఉంది. కాకినాడ తెచ్చుకుని విప్పితే పైన మెరూన్ రెక్సిన్, దాని కింద ఒకప్పుడు స్పాంజి అయిన పసుప్పచ్చ పొడి. ముట్టుకుంటే శనగపిండిలా రాలింది. ఆ కింద ప్లైవుడ్ ముక్క. దాన్ని ఊడబీకితే చట్రం నాలుగు వైపులా వరసగా బెజ్జాలు! రెండు మూడింట్లో ఆకుపచ్చ ప్లాస్టిక్ వైరు ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. అంటే మొదట పేము అల్లిక, అది తెగాక వైరు అల్లిక, అదీ పోయాక ప్లైవుడ్డు. అత్తయ్యగారిని అడిగితే, "పేముదే అమ్మాయ్. మీ మామగారు లేచేసరికి కాళ్ళ మీద గళ్ళు పడుండేవి" అన్నారు.

పేము అల్లేవాళ్ళు నాకు దొరకలేదు. మళ్ళీ ప్లైవుడ్ వేస్తే అరగంటకే నడుం పట్టేస్తుంది. అదే అటక మీద నవారు మంచం తాలూకు చుట్ట కనపడింది. మూడంగుళాల నూలు నవారు, గట్టిగానే ఉంది. ఉతికి ఆరేసి, ముందు నుంచి వెనక్కి అయిదు, అడ్డంగా అయిదు పట్టీలు చాపలా ఒకదాని కిందా మీదా దూర్చి, చివరలు మడతపెట్టి చట్రానికి మేకులు కొట్టాను. పైన రెండంగుళాల 40 డెన్సిటీ స్పాంజి (ఒత్తుగా ఉండే రకం), ఆ పైన జంపఖానా గుడ్డ. కూర్చుంటే హాయిగా దిగి, లేస్తే మళ్ళీ పైకొచ్చేది. ఇక నా గొప్పలు వినాలి! షాపువాడు చేసిన దానికన్నా ఇదే నయమని చుట్టాలందరికీ ఫొటోలు పంపాను. వాటిని చూసి ఇద్దరు తమ కుర్చీలు కూడా విప్పుకున్నారు. వాళ్ళకి ఆ తర్వాత ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాననుకోండి.

ఎనిమిదో నెలలో సంక్రాంతి వచ్చింది. కనుమ నాడు భోజనాలయ్యాక బావగారు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు. మనిషి భారీ, పైగా గారెలు తిన్న పొట్ట. టప్పుమని ఒక చప్పుడు, దాని వెనకే చిరిగినట్టు ఇంకోటి. ఆయన నడుం దాకా లోపలికి దిగిపోయారు, మోకాళ్ళు గడ్డానికి ఆనాయి. నాకు నవ్వొస్తోంది, నవ్వితే పరువు పోతుంది. మావారు, మరిది చెరో రెక్కా పట్టి పైకి లాగారు. బావగారు పంచె దులుపుకుని, "బాగానే చేశావమ్మా, లోతు కొంచెం ఎక్కువైంది" అన్నారు.

నవారు తెగి ఉంటుందనుకుని తిరగేసి చూశాను. ఒక్క పోగు కూడా తెగలేదు. చీలింది చట్రం ముందు వైపు బద్ద, ఈ చివర నుంచి ఆ చివరకి. పట్టీకి అయిదు చొప్పున పాతిక మేకులు ఒకే వరసలో కొట్టాను కదా, ఆ వరస సరిగ్గా పాత బెజ్జాల పక్కనే వచ్చింది. అసలే బెజ్జాలతో బోలుగా ఉన్న కర్ర. దాని పక్కన ఇంకో పాతిక పోట్లు పొడిస్తే తపాలా బిళ్ళల షీటు అంచులా తయారైంది. చింపడానికి వీలుగా నేనే చేసిపెట్టాను.

చీలికలో కర్ర గమ్ము పోసి, పాత సైకిల్ ట్యూబు బిగించి చుట్టి రెండు రోజులు వదిలేశాను. తర్వాత బద్ద అడుగున ఇంకో టేకు ముక్క స్క్రూలతో పట్టించి, పాత బెజ్జాలకి ఎదురుగా దానికీ బెజ్జాలు వేయించాను. డ్రిల్లింగ్ పని వడ్రంగిదే, నాది కాదు. ఈసారి మేకు అనేది ముట్టుకోలేదు. నవారు చాపని చట్రం కన్నా నాలుగు వైపులా అంగుళం తక్కువగా అల్లి, అంచులు మడిచి దబ్బనంతో కుట్టి, ఆ మడతల్లో సన్నటి ఇనప కడ్డీలు దూర్చాను. కడ్డీలకీ చట్రం బెజ్జాలకీ మధ్య నైలాన్ తాడు పోనిచ్చి లాగి కట్టాను. మంచానికి కాళ్ళ వైపు తాడుతో బిగిస్తాం కదా, అదే ఇక్కడ నాలుగు వైపులా. నైలాన్ ముడి జారుతుంది, అందుకని రెండేసి ముళ్ళు వేసి కొనలు అగ్గిపుల్లతో కాల్చాను.

నాకు ఈ కుర్చీ మీద మనసు పడింది అప్పటినుంచే. నవారు ఎంత మంచిదైనా సాగుతుంది. మేకులు కొట్టేస్తే సాగినదాన్ని చేయగలిగింది లేదు. తాడైతే నాలుగు నెలలకోసారి కుర్చీ తిరగేసి, ముడి విప్పి, కాలితో తన్నిపెట్టి లాగితే మళ్ళీ మొదటి రోజులా ఉంటుంది. పేము కోసం వేసిన ఆ బెజ్జాలు మొదట్నుంచీ ఉన్నది ఇలాంటి కట్టుకే, నేను కళ్ళుండీ చూడలేదు.

మొదట్లో వేసిన స్పాంజి సంగతి కూడా చెప్పాలి. నొక్కుకుపోలేదు, ఆ మాట మీద నిలబడతాను. కానీ మే నెలలో దాని మీద పది నిమిషాలు కూర్చుంటే వీపు కింద దాకా చెమటే. ఇప్పుడు దాన్ని విడి దిండుగా మార్చి గలీబు తొడిగాను. ఎండాకాలం తీసి పక్కన పెట్టి ఒట్టి నవారు మీదే కూర్చుంటాను. కుషన్ కుట్టుకున్న కథ రాస్తూ కుషన్ లేకుండానే కూర్చున్నాను, నవ్వుకోండి. జంపఖానా రంగు వెలిసింది, మా పిల్లి ఒక మూల పోగులు లాగేసింది. వీపు వైపు వేసిన తోలులాంటి రెక్సిన్ మూడో ఏడే పొట్టు లేచి తెల్ల చొక్కాలకి అంటుకోవడం మొదలెట్టింది. సముద్రం గాలి, తలల నూనె కలిస్తే అది నిలవదు. వీపుకీ నూలు గుడ్డే వేయాల్సింది.

అందరూ చేసుకోండని మాత్రం అనలేను. నాకు అటక మీద నవారు దొరికింది, మధ్యాహ్నాలు ఖాళీ ఉంది, కుర్చీ చట్రానికి బెజ్జాలున్నాయి. బెజ్జాల్లేని కుర్చీకి కొత్తగా తొలిపించమని చెప్పే ధైర్యం నాకు లేదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకీ కష్టమే. బిగించిన నెల బాగానే లేస్తారు, మూడో నెలకి అత్తయ్యగారు చెయ్యి అందించమంటారు. మా ఇంట్లో రోజూ కూర్చునేది నేనూ ఆవిడా, ఇద్దరమూ తేలికే. బరువైనవాళ్ళకి ఎన్నాళ్ళు ఆగుతుందో నేను చూసింది పండగ పూటల్లోనే.

బావగారు ఇప్పటికీ ప్రతి సంక్రాంతికీ వస్తారు, అందులోనే కూర్చుంటారు. కాకపోతే ముందు కళ్ళజోడు పెట్టుకుని, వంగి, కింద ముళ్ళన్నీ ఒకసారి లెక్కపెట్టుకుంటారు.