యూరో కప్ నెలలో జర్మనీ: ఎక్కడ చూశాం, ఎక్కడ ఉన్నాం

యూరప్ దేశాల ఫుట్‌బాల్ పోటీ యూరో కప్‌లో 2024 జూన్ 14న మ్యూనిక్‌లో జర్మనీ 5-1తో స్కాట్లాండ్‌ను ఓడించిన మర్నాటి నుంచి మా ఫ్రాంక్‌ఫర్ట్ తీరే మారిపోయింది. లిఫ్టులో తల ఊపి ఊరుకునే పక్కింటాయన ఆగి, రాత్రి మ్యాచ్ చూశారా అని అడగడం మొదలుపెట్టాడు. కార్ల అద్దాలకు జెండా తొడుగులు, ఆఫీసులో జర్మనీ జట్టు గులాబీ రంగు జెర్సీలు. పది ఊళ్లలో నెల రోజులు సాగిన పండగ అది.

టికెట్లు ఎక్కువగా లాటరీలోనే వచ్చాయి, అవీ ఫోన్ యాప్‌లోకే. తొలి దశ గ్రూప్ మ్యాచ్‌లకు అప్పుడు కనీస ధర 30 యూరోలు. మాకు తగిలింది జూన్ 18న డోర్ట్‌మండ్‌లో టర్కీ, జార్జియా మ్యాచ్. పెద్ద జట్లు కావుగా అని స్నేహితులు పెదవి విరిచారు. నన్నడిగితే మొత్తం టోర్నీలో అంతకన్నా మంచి టికెట్ లేదు. జర్మనీలో తరాలుగా స్థిరపడ్డ టర్కీ వాళ్లు లక్షల్లో ఉన్నారు, వాళ్లకది సొంతూరి మ్యాచ్. జార్జియాకేమో యూరోలో మొట్టమొదటి ఆట. మ్యాచ్‌కు ముందు కుండపోత వాన, స్టేడియం కప్పు మీంచి నీళ్లు ధారలుగా పడుతున్నాయి, అయినా పాటలు ఆగలేదు. మా వెనక వరుసలో తాత నుంచి మనవరాలి దాకా అంతా ఎర్ర జెర్సీలే. 65వ నిమిషంలో అర్దా గులేర్ దూరం నుంచి కొట్టిన బంతి వల పైమూలలో పడగానే ఆ తాత నా భుజాలు రెండూ పట్టుకుని ఊపేశాడు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు, ఇద్దరం అరుస్తూనే ఉన్నాం. చివరికి టర్కీ 3-1.

ఏర్పాట్లలో మెచ్చుకోవాల్సింది ప్రయాణం. మ్యాచ్ టికెట్ ఉంటే ఆ ఊరి బస్సులు, ట్రాములు, మెట్రో 36 గంటలు ఉచితంగా ఉండేవి. డోర్ట్‌మండ్‌లో గది అద్దెలు మండిపోతుంటే పక్కనే ఉన్న బోహుమ్‌లో దిగాం. రైల్లో పావుగంట లోపే, గది చిన్నదైనా శుభ్రంగా ఉంది. ఆట అయ్యాక మాత్రం స్టేషన్‌లో చాలాసేపు నిలబడాల్సి వచ్చింది, చిన్నపిల్లలుంటే కష్టం. ఏ4 కాగితం కన్నా పెద్ద బ్యాగు స్టేడియం లోపలికి రానివ్వలేదు.

టికెట్ లేనివాళ్లకు పెద్ద తెర మీద మ్యాచ్ చూసే ఫ్యాన్ జోన్లుండేవి, ప్రవేశం ఉచితం. బెర్లిన్‌లో బ్రాండెన్‌బర్గ్ గేటు ముందు రోడ్డంతా కృత్రిమ గడ్డి పరిచి, గేటు ముందే పెద్ద గోల్‌పోస్టు పెట్టారు. ఫొటోలకు బ్రహ్మాండం, ఆట చూడటానికి కాదు. జనం మరీ ఎక్కువ. పిల్లలతో వెళ్లినవాళ్లకు ఫ్రాంక్‌ఫర్టే మేలు. మైన్ నదిలో తేలే పెద్ద తెర కట్టారు, ఒడ్డున కూర్చుని చూసే వీలుండేది, గాలి వచ్చేది. జర్మనీ ఆడే రోజు మాత్రం ముందే చేరుకోవాల్సి వచ్చేది.

జూన్ 29 సంగతి వేరు. ఆ సాయంత్రం ఓ స్నేహితుడింట్లో తెలుగువాళ్లమంతా టీ20 ప్రపంచకప్ ఫైనల్‌కు చేరాం. ఆఖరి ఓవర్లో సూర్యకుమార్ బౌండరీ దగ్గర ఆ క్యాచ్ పట్టాడు, భారత్ 7 పరుగులతో గెలిచింది. మా కేకలకు కింది అంతస్తు జర్మన్ దంపతులు పైకొచ్చారు. విషయం విని నవ్వి, మాతోపాటే కూర్చున్నారు, పులిహోర తిన్నారు. రాత్రి 9కి జర్మనీ, డెన్మార్క్ మ్యాచ్. డోర్ట్‌మండ్‌లో ఉరుములకు ఆట మధ్యలో ఆపేస్తే, ఆ విరామంలో ఆ జర్మన్ ఆయనకు క్రికెట్‌లో వానొస్తే లక్ష్యం మార్చే డక్‌వర్త్ లూయిస్ పద్ధతి గురించి చెప్పాం. హావెర్ట్స్, ముసియాలా గోల్స్‌తో జర్మనీ 2-0. ఇన్నేళ్లలో నాకు ఈ దేశం సొంతమనిపించిన రాత్రి అదే.

జులై 5న స్టుట్‌గార్ట్‌లో 119వ నిమిషంలో స్పెయిన్ ఆటగాడు మెరీనో తలతో కొట్టిన గోల్‌తో జర్మనీ కథ ముగిసింది. మా వీధిలో ఒక్క హారన్ మోగలేదు. ఫైనల్లో ఇంగ్లండ్‌ను 2-1తో ఓడించి కప్పు కూడా స్పెయినే తీసుకెళ్లింది.

వచ్చే యూరో 2028లో బ్రిటన్, ఐర్లాండ్‌లలో. ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల షెంగెన్ ప్రాంతంలో రెండూ లేవు కాబట్టి భారతీయ పాస్‌పోర్టుతో ఇక్కడి నుంచి వెళ్లాలనుకునేవాళ్లు టికెట్ల లాటరీకి పేరిచ్చేటప్పుడే వీసా సంగతి కూడా చూసుకోండి. గది మాత్రం మ్యాచ్ జరిగే ఊళ్లో కాకుండా ఆ పక్క ఊళ్లో వెతకండి.