సంతలో లూజు ఫినాయిల్, యాసిడ్ కొంటున్నారా? ఇంట్లో గర్భిణి ఉంటే ఆ సీసా గడప దాటనివ్వొద్దు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు వారపు సంతల్లోనూ, మైకు పెట్టుకుని వీధిలోకి వచ్చే బండ్ల మీదా ఫినాయిల్, యాసిడ్ లూజుగా కొనేవాళ్లకు ఈ హెచ్చరిక. తాగునీళ్ల సీసాలోనో కూల్‌డ్రింకు సీసాలోనో పోసి, మూత బిగించి చేతిలో పెడతారు. తయారీ తేదీ ఉండదు, లోపల ఏముందో రాసి ఉండదు. ఇంటికి తెచ్చి గచ్చు మీద పోశాక బుసబుసమని నురగ లేచి, సిమెంటు తెల్లబారి, ముక్కు మండిందంటే మీరు కొన్నది ఫినాయిల్ కాదు, యాసిడ్. అప్పటికి బండి పక్క ఊరు దాటేసి ఉంటుంది.

అనుమానం ఉంటే తేల్చుకునే దారుంది. గర్భిణి కాకుండా వేరొకరు, పెరట్లో, గాలికి ఎదురుగా కాకుండా నిలబడి, పారేసే గ్లాసులో నీళ్లు పోసి నాలుగు చుక్కలు వేయాలి. ఫినాయిల్ అయితే నీళ్లు పాలలా మారతాయి, నల్లదైనా తెల్లదైనా అంతే. యాసిడ్ అయితే నీళ్లు అలాగే ఉంటాయి, పాత సిమెంటు పెళ్ల మీద చుక్క వేస్తే పొంగుతుంది. పాలలా మారింది కదా అని ధైర్యపడకండి. నల్ల ఫినాయిల్‌లో ఉండేది బొగ్గు తారు నుంచి తీసే ఫినాల్, క్రెసాల్ సరుకు. చిక్కగా తగిలితే చర్మాన్ని కాలుస్తుంది, చర్మం గుండా ఒంట్లోకీ దిగుతుంది.

అసలు ప్రమాదం ఇంకొకటి. లోపల ఏముందో తెలియని సీసాను దేంతో కలపకూడదో కూడా తెలియదు. వానాకాలంలో లెట్రిన్‌లో బ్లీచింగ్ పౌడర్ చల్లడం మన ఇళ్లలో మామూలే. దాని మీద ఈ యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, నేల పట్టుకునే ఉంటుంది. లెట్రిన్ బేసిన్ మీదికి వంగి తోమే మనిషి ముక్కు సరిగ్గా అక్కడే ఉంటుంది. పైగా నెలలు నిండుతున్న ఆడమనిషి నిమిషానికి పీల్చే గాలి మామూలు కంటే 30 నుంచి 50 శాతం ఎక్కువ. కిటికీ లేని గదిలో అదే ఘాటు ఆమెలోకి ఎక్కువ పోతుంది. దగ్గుతో ఊపిరి తిప్పుకోలేకపోతే తల్లికీ బిడ్డకీ ప్రాణవాయువు తగ్గుతుంది. నిమ్మకాయ, చింతపండు, వెనిగర్ ఇంటి సరుకులే కదా అని బ్లీచింగ్‌తో కలపొద్దు. అవీ పులుపే, అంటే యాసిడే. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ బ్లీచ్‌తో కలిస్తే మరో విషవాయువు.

సీలు వేసి వచ్చే టాయిలెట్ క్లీనర్లలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ సాధారణంగా 10 శాతం చుట్టూ ఉంటుంది. లూజు యాసిడ్ 30 శాతం దాకా ఉండొచ్చు. 2013 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం యాసిడ్ అమ్మేవాళ్లు కొన్నవారి వివరాలు రిజిస్టర్‌లో రాయాలి, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూడాలి, 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మకూడదు. చిట్టీ లేకుండా, పేరడగకుండా సీసా చేతిలో పెట్టేవాడు ఆ ఆదేశాన్ని గాలికొదిలేసినట్టే.

కొంటే సీలున్నదే కొనండి. లేబుల్ ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటే ఒడియా మీడియంలో చదివే పిల్లల చేత చదివించండి (ఈ పనికి ఇంట్లో వాళ్లే మహా పండితులు). హైడ్రోక్లోరిక్ అని ఒకదాని మీద, హైపోక్లోరైట్ (అంటే బ్లీచ్) అని మరొకదాని మీద ఉంటే ఆ రెండూ ఒకే పూట వాడొద్దు. 33 శాతం బ్లీచింగ్ పౌడర్ లీటరు నీళ్లకు 3 గ్రాములు చాలు, 0.1 శాతం ద్రావణం అవుతుంది. తల గొట్టిన చిన్న చెంచాడు అనుకోండి. చన్నీళ్లలోనే కలపాలి, ఏ రోజుది ఆ రోజే. డ్రైనేజీలో వేసే కాస్టిక్ సోడా మీద నీళ్లు పోస్తే వేడెక్కి చిందుతుంది, అది గర్భిణి చేసే పని కాదు. లెట్రిన్ కడిగే పనీ ఆ తొమ్మిది నెలలూ ఇంట్లో ఇంకెవరైనా చూసుకోవాలి. గచ్చుకు సబ్బునీళ్లు, అంట్లకు కుంకుడు రసం, ఇత్తడికి చింతపండు వాడితే ఆమెకూ ఇబ్బంది ఉండదు.

సంతలోనే, అదే గోనెపట్టా మీద లూజుగా దొరికే మరో సరుకు కలరా ఉండలు. సీమంతానికి తీసే పట్టుచీరల మడతల్లో, పుట్టబోయే బిడ్డకు పక్కగుడ్డలుగా దాచే పాత నూలు చీరల పెట్టెలో ఇవే ఉంటాయి. ఇవి నాఫ్తలీన్. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లలో ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, మాయ దాటి బిడ్డకూ చేరుతుంది. మలేరియా ఎక్కువగా ఉండే మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఆ లోపం అరుదేమీ కాదు. ఆ గుడ్డల్లో చుట్టిన పసిబిడ్డకు కామెర్లు తీవ్రంగా రావచ్చు. నూనె రాసిన ఒంటికి నాఫ్తలీన్ ఇంకా త్వరగా పడుతుంది. బిడ్డ గుడ్డల పెట్టెలో ఎండు వేపాకు వేయండి. ఇదివరకే ఉండలు వేసి ఉంటే ఆ గుడ్డలు ఒక ఉతుకుతో సరిపెట్టొద్దు, వాసన పూర్తిగా పోయేదాకా ఉతుకుతూ ఎండలో ఆరేయాలి. వాసన ఉన్నంతకాలం బిడ్డ దగ్గరికి తేవొద్దు.

ఘాటు ముక్కుకు పట్టగానే చేస్తున్న పని వదిలి బయటికి రావాలి, తలుపు తెరిచి ఉంచాలి, లోపలికి మళ్లీ వెళ్లి కడిగేద్దామనుకోవద్దు. కంట్లో పడితే ధారగా నీళ్లు 15 నిమిషాలు. పొరపాటున తాగితే వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు పట్టొద్దు, వచ్చేటప్పుడు గొంతు రెండోసారి కాలుతుంది. దగ్గు తగ్గకపోయినా, ఛాతీ పట్టేసినా, బిడ్డ కదలిక తగ్గినట్టనిపించినా 108కి ఫోన్ చేయండి. ఒడిశాలో గర్భిణులకు 102 కూడా ఉంది. ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తర్వాత ముదరొచ్చు, కాబట్టి కాసేపటికి తేలిగ్గా అనిపించినా డాక్టరుకు చూపించండి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. వాళ్లు అడిగే మొదటి ప్రశ్న సీసాలో ఏముందని. లూజు సీసా అయితే దాన్ని పారబోయకుండా, మూత గట్టిగా బిగించి, కవర్లో నిలువుగా పెట్టి మీతోపాటే ఆసుపత్రికి పట్టుకెళ్లండి.