ఆండ్రోఫెమ్ 1 క్రీమ్: 14 నెలలు వాడాక

నాకిప్పుడు 52. గర్భసంచి ఆపరేషన్ 41కే గుంటూరులో అయింది. అండాశయాలు కూడా తీసేశారని డిశ్చార్జ్ కాగితం చదువుకున్నాకే తెలిసింది. దేశంలో ఈ ఆపరేషన్లు బాగా ఎక్కువగా జరిగేది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే కాబట్టి, ఇది చదివేవాళ్ళలో నాలాంటివాళ్ళు ఉండే ఉంటారు.

ఆస్ట్రేలియాలోని పెర్త్ వచ్చాక ఒంట్లో ఆవిర్లకి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ప్యాచ్ ఇచ్చారు. ఆవిర్లు తగ్గాయి, నిద్ర పట్టింది. ఒక్కటే తిరిగి రాలేదు. మా ఆయన పక్కన కూర్చుంటే సోఫాలో ఇంకో దిండు ఉన్నట్టే ఉండేది. గొడవల్లేవు, కోపాల్లేవు, కోరికే లేదు. మొదట చూపించుకున్న డాక్టరు ఈ వయసులో మామూలేనని పంపేశారు. రెండో ఆవిడ కూర్చోబెట్టి చెప్పింది: మగ హార్మోన్ అనుకునే టెస్టోస్టెరాన్ ఆడవాళ్ళకీ ఉంటుంది, అండాశయాలు తీసేస్తే అందులో దాదాపు సగం పోతుంది.

ఆవిడ రక్తపరీక్ష చేయించి ఈ క్రీమ్ రాసింది. ఒక శాతం టెస్టోస్టెరాన్, ఆడవాళ్ళ కోసమే చేసింది. తయారుచేసేది ఇక్కడి పశ్చిమ ఆస్ట్రేలియా కంపెనీయే, 2020లో అనుమతి వచ్చింది. 50 మిల్లీలీటర్ల ట్యూబు, దాంతోపాటు సూది లేని సిరంజి లాంటి కొలత గొట్టం. రోజుకి అర మిల్లీలీటరు, అంటే 5 మిల్లీగ్రాములు. ట్యూబు వంద రోజులొస్తుంది. పొద్దున స్నానమయ్యాక తొడ బయటివైపు రాసుకుని, చేతులు కడుక్కుని, ఆరాక చీర కట్టుకుంటాను. మనవడిని ఎత్తుకునే రోజుల్లో మరీ జాగ్రత్త, పిల్లలకి అంటకూడదు. ఇందులో బాదం నూనె ఉంది, పడనివాళ్ళు దీని జోలికి పోవద్దు.

మొదటి ఆరు వారాలూ ఏమీ లేదు. డబ్బు దండగనుకున్నాను. మూడో నెలలో ఒక ఆదివారం ఆయన టమాటాలు తరుగుతుంటే మెడ వెనక చూస్తూ నిలబడిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో గాని పప్పు అడుగంటింది. ఇంతకంటే వివరం రాయను!

పెద్ద ఆశలు మాత్రం పెట్టుకోకండి. 2019లో మెల్‌బోర్న్‌లోని మొనాష్ యూనివర్సిటీ వాళ్ళు ఆడవాళ్ళలో టెస్టోస్టెరాన్ మీద జరిగిన 36 ట్రయల్స్ కలిపి చూస్తే తృప్తి కలిగిన సందర్భాలు సగటున నెలకి ఒకటి కూడా పూర్తిగా పెరగలేదు. నాకు అదే బోలెడు. నీరసం, మతిమరుపు పోతాయని కూడా నేననుకున్నాను. పోలేదు. కళ్ళజోడు ఇప్పటికీ ఫ్రిజ్‌లోనే దొరుకుతోంది.

వెంట్రుకల సంగతి నా తప్పే. బద్ధకించి రోజూ కుడి తొడమీద ఒకే చోట రాశాను. రూపాయి బిళ్ళంత మేర నల్లగా మొలిచాయి. ఇప్పుడు అటూ ఇటూ మారుస్తున్నాను. మొటిమలు కూడా రావచ్చు. డోసు మించితే గొంతు మారుతుంది, అది మళ్ళీ మామూలవకపోవచ్చు. అందుకే మధ్యమధ్యలో రక్తపరీక్ష. ఆరు నెలలైనా గుణం కనిపించకపోతే ఆపేయమంటారు. రెండేళ్ళకు మించి వాడితే ఎలా ఉంటుందో చెప్పే ట్రయల్స్ లేవు కాబట్టి వచ్చే ఏడాది నేనూ ఆలోచించుకోవాలి.

అయిదుకి నాలుగు చుక్కలు. నేను కొన్నన్నాళ్ళూ సబ్సిడీ లేదు, మొత్తం మన జేబులోంచే. ఒక చుక్క అక్కడ పోయింది.

మొన్న ఫోన్లో ఇండియాలో ఉన్న వదినతో ఇదంతా చెప్తే, "ఇక్కడ మగవాళ్ళ టెస్టోస్టెరాన్ జెల్ సాచెట్ దొరుకుతుందిగా వదినా, అదే కొంచెం రాసుకుంటే?" అంది. ఆ సాచెట్లో 50 మిల్లీగ్రాములుంటాయి, నా డోసుకి పదింతలు. వద్దంటే వద్దన్నాను, ముందు గైనకాలజిస్టుకి చూపించుకోమన్నాను. "చూపించుకుంటాను సరే, ఆవిడకి ఏమని చెప్పను?" అంది. అయిదు నిమిషాలు ఇద్దరం కలిసి వెతికాం. మర్యాదగా ఉండే మాట ఒక్కటీ దొరకలేదు.