‘జస్ట్ 45 నిమిషాలు సార్’: హాలిడే మెంబర్‌షిప్ ప్రజెంటేషన్ రివ్యూ

మాల్‌లోనో, పెట్రోల్ బంకులోనో కూపన్ మీద పేరు, ఫోన్ నంబరు రాసి డబ్బాలో వేస్తాం. వారం తిరక్కుండా ఫోన్: "కంగ్రాట్స్ మేడమ్, లక్కీ డ్రాలో మీకు గిఫ్ట్ వచ్చింది. మీరూ సారూ కలిసొచ్చి తీసుకోవాలి, జస్ట్ 45 నిమిషాలు." ముందే డబ్బు కట్టించుకుని, ఏళ్ల తరబడి ఏటా కొన్ని రాత్రులు రిసార్టుల్లో ఉండనిచ్చే హాలిడే మెంబర్‌షిప్ అమ్మడానికే ఈ పిలుపు. హోటల్ హాళ్లలో జరిగే ఈ తంతు ఏ కంపెనీదైనా దాదాపు ఒకే అచ్చు. అందుకే ఈ రివ్యూ ఒక్క కంపెనీ మీద కాదు, ఆ తంతు మీదే.

ముందు గిఫ్ట్ సంగతి. చేతికొచ్చేది ఎక్కువగా రెండు రాత్రుల హోటల్ వోచరు. ప్రయాణం, తిండి మనవే. వెనక్కి తిప్పి చదివితే పండగలకు చెల్లదనీ, ముందుగా ఫలానా చార్జీలు కట్టాలనీ, ఇన్ని రోజుల్లోపే వాడాలనీ ఉంటుంది. గిఫ్ట్ కోసమే అయితే వెళ్లకండి. 45 నిమిషాలన్నది మూడు గంటలవుతుంది. అంతసేపు ఇంట్లో పడుకున్నా లాభమే. టీ మాత్రం బాగానే ఇస్తారు.

భార్యాభర్తలిద్దరూ రావాలన్న షరతు మర్యాద కోసం పెట్టింది కాదు. ఒక్కరే వస్తే "ఇంట్లో అడిగి చెబుతా" అని లేచిపోవచ్చు. ఇద్దరూ అక్కడే కూర్చుంటే ఇక ఎవర్ని అడగాలి? పిల్లల్ని బొమ్మలున్న మూలకు పంపేస్తారు. పాటలు పెద్దగా పెడతారు. మధ్యమధ్య మైకులో "ఫలానా ఫ్యామిలీకి వెల్‌కమ్" అని చప్పట్లు.

అసలు కిటుకంతా తెల్లకాగితం మీద ఉంటుంది. "ఏటా టూరుకి ఎంత పెడతారు సార్?" అంటాడు సేల్స్‌మన్. ముప్ఫై వేలంటే, ఏటా 8 శాతం పెరుగుతుందని 25 ఏళ్లకు కూడతాడు. 22 లక్షల దగ్గర తేలుతుంది. లెక్క తప్పేం కాదు. పక్కన 25 ఏళ్ల మెంబర్‌షిప్ ధరగా 3 లక్షలు రాసి, చుట్టూ సున్నా చుట్టి, పెన్ను పక్కన పెట్టేస్తాడు. ఆ పెన్ను మీరు తీసుకోండి.

3 లక్షలకు 18 శాతం జీఎస్టీ కలిపితే 3.54 లక్షలు. అది 7 శాతం ఎఫ్‌డీలో ఉంటే ఏడాదికి 24,780 రూపాయల వడ్డీ. ఏటా కట్టాల్సిన మెయింటెనెన్స్ 15,000 అనుకుంటే జీఎస్టీతో 17,700. రెండూ కలిపి 42,480. ఏటా వాడుకునేది 7 రాత్రులనుకుందాం. అంటే రాత్రికి 6,069 రూపాయలు, తిండి కాకుండా. ఎఫ్‌డీలో అసలు అలాగే ఉంటుంది, ఇక్కడ 25 ఏళ్లకు అసలు కూడా పోతుంది. మీరు మామూలుగా దిగే గది అద్దె ఇంతకంటే తక్కువైతే ఇక మాట్లాడేదేం లేదు. పైగా ఆ 15,000 ఏటా 6 శాతం చొప్పున పెరిగితే 25 ఏళ్లకు జీఎస్టీ లేకుండానే 8.23 లక్షలు. మీరు ఊరు కదలని ఏడాది కూడా అది కట్టాల్సిందే.

తర్వాత ధర దిగడం మొదలవుతుంది. మొదట నాలుగున్నర లక్షలు చెప్పినచోట అది "ఈ రోజుకే" మూడున్నర, మేనేజరొస్తే 2.75. ఇంకా కదలకపోతే ఐదేళ్ల ట్రయల్ ప్యాకేజీ. గంటలో పావు తక్కువ రెండు లక్షలు తగ్గిందంటే మొదటి ధర ఉత్తుత్తిదే. చవక ప్యాకేజీలో సీజనేదో చూడండి. వేసవి సెలవులు, దసరా, సంక్రాంతి అందులో లేకపోతే బడికెళ్లే పిల్లలున్న ఇంటికి అది దండగ.

వెళ్లక తప్పకపోతే క్రెడిట్ కార్డు, పాన్ ఇంట్లో పెట్టి వెళ్లండి. ఓటీపీ చెప్పొద్దు. ఇద్దరూ ముందే ఒక మాట అనుకోండి. "ఆలోచించి చెబుతాం" అన్నది అక్కడ చెల్లని జవాబు: ఏం ఆలోచించాలో చెప్పమంటారు, ఒక్కో కారణానికీ ఒక్కో జవాబు సిద్ధంగా ఉంటుంది. కారణం చెప్పకుండా "మేం కొనం" అనండి. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట. ముందు పిల్లల్ని దగ్గరికి పిలుచుకుని, లేచి నిలబడండి.

నచ్చితే అగ్రిమెంట్ కాపీ ఇంటికిమ్మనండి. ఇవ్వనంటే అక్కడితో సరి. మెయింటెనెన్స్ ఏ లెక్కన పెంచుతారు, ఎన్ని నెలల ముందు బుక్ చేయాలి, గది దొరక్కపోతే ఏంటి, వేరేవాళ్ల పేరు మీదికి మార్చడానికి ఎంత, ఇవి నోటితో కాదు, కాగితం మీదుండాలి. నోటి హామీలు చెల్లవన్న వాక్యం చివరి పేజీల్లో ఎక్కడో ఉంటుంది. ఏటా రిసార్టు సెలవు కావాలనుకునేవాళ్లు, నెలల ముందే తేదీలు ఖాయం చేసుకునేవాళ్లు కొనుక్కోవచ్చు. వాళ్లు కూడా పాత మెంబర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో ఎంతకొస్తుందో ముందు కనుక్కోవాలి.

సంతకం పెట్టేశాక మనసు మారితే ఆ రాత్రే రద్దు కోరుతూ మెయిల్ పెట్టండి, మర్నాడు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి రసీదు దాచండి. అమెరికాలోని ఫ్లోరిడాలో రద్దుకు చట్టమే 10 రోజులిస్తుంది, లాస్ వెగాస్ ఉన్న నెవాడాలో 5. మన దగ్గర టైమ్‌షేర్‌కంటూ, అంటే ఇలాంటి మెంబర్‌షిప్‌లకంటూ విడి చట్టం లేదు. అగ్రిమెంట్‌లో ఎన్ని రోజులుంటే అన్నే. "ఆఫీసుకి రండి, మాట్లాడుకుందాం" అంటే ఆ గడువు దాటించడానికేనని అనుకోవడం మంచిది. ఈఎంఐ బ్యాంకుదో, ఫైనాన్స్ కంపెనీదో అయితే మెంబర్‌షిప్ రద్దైనంత మాత్రాన ఆగదు, వాళ్లకు విడిగా రాయాలి. కుదరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. మీరున్న జిల్లాలోనే వేయొచ్చు, చెల్లించింది 5 లక్షల్లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

కొన్నాళ్లకు ఇంకో ఫోన్ రావచ్చు. మీ మెంబర్‌షిప్ మంచి ధరకు అమ్మిపెడతాం, ముందు జీఎస్టీ మాత్రం పంపండి అంటారు. కొనేవాడు కనబడకముందే అమ్మేవాడి దగ్గర పన్నేంటని అడగండి, లైన్ దానంతటదే కట్టవుతుంది.